బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక కూడా నడుం నొప్పి వదలకపోతే

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. వయసు 43, హైస్కూల్లో టీచరు. గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యి 14 నెలలు. 118 కేజీల నుంచి 79కి వచ్చారు. షుగరు మాత్రలు ఆగిపోయాయి, మోకాళ్లు తేలికపడ్డాయి. నడుం నొప్పి మొదటి ఆరు నెలలూ బాగా తగ్గి, ఈ నాలుగు నెలల్లో మళ్లీ పట్టుకుంది, సాయంత్రానికి నిలబడలేకపోతున్నారు. ఎమ్మారైలో రెండు చోట్ల డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు ఉబ్బింది అన్నారు. పెయిన్ కిల్లర్లు ముట్టుకోవద్దని సర్జన్ గారు చెప్పారు. "మరి ఈ నొప్పితో ఎలా బతకమంటారు?" అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పదిహేడేళ్లుగా విజయవాడలో పని చేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ ఆపరేషన్ అయినవాళ్లే. మందులు మార్చాలన్నా మానాలన్నా చివరి మాట మీ సర్జన్ గారిదే. మిగతాదంతా నేను రోజూ చూసేదాన్ని బట్టి చెబుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "మొదట తగ్గి మళ్లీ వచ్చింది" అన్నది. బరువు దిగేకొద్దీ నడుం మీద భారం తగ్గుతుంది కాబట్టి చాలామందికి నొప్పి తగ్గుతుంది, మీకూ తగ్గింది. అంటే పాత నొప్పిలో బరువు వాటా ఎంతో అంతా పోయింది. ఇప్పుడు వచ్చినదానికి కారణం వేరే ఉండి ఉండాలి. పాత నొప్పే మళ్లీ వచ్చిందనుకుని పాత మందే వెతుక్కోవడం దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. అందుకే ముందు మందుల సంగతి.

పోయినేడు ఒకావిడ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా టేబుల్ మీద బోర్లించింది. మల్టీవిటమిన్, ఐరన్, గ్యాస్ మాత్రలు. వాటి మధ్య కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క ఒకటి, నాలుగు తెల్ల బిళ్ళలతో. పేరున్న భాగం షాపులోనే ఉండిపోయింది. వెనక రేకు మీద "...ఫెనాక్" అని చివరి అక్షరాలు మాత్రం మిగిలాయి. అడిగితే, "డాక్టరు గారు వద్దన్నది డైక్లోఫెనాక్ కదండీ, ఇది అది కాదంట, మెడికల్ షాపు అబ్బాయి చెప్పాడు" అంది. అది ఏసిక్లోఫెనాక్, అదే జాతి. ఆమె బైపాస్ అయిన మనిషే. రెండు నెలలుగా రోజుకొకటి వేసుకుంటోంది. మలం నల్లగా వస్తోందా అని అడిగితే, ఐరన్ మాత్రల వల్ల అనుకున్నానంది. ఐరన్‌కీ మలం నల్లబడుతుంది, లోపల రక్తం కారినా నల్లబడుతుంది. తారులా జిగటగా, దుర్వాసనతో ఉందంటే అది రక్తమే కావచ్చు. ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపించాను. ఎండోస్కోపీలో అతుకు దగ్గర పుండు కనబడింది.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే ఆ బిళ్ళ జోలికి వెళ్లరు. బైపాస్‌లో పొట్టలోంచి చిన్న సంచి ఒకటి వేరు చేసి, దాన్ని తిన్నగా చిన్న పేగుకి అతుకుతారు. చిన్న పేగు గోడ యాసిడ్‌ని తట్టుకునేలా పుట్టింది కాదు. ఆ అతుకు చుట్టూ కాపలా కాసే పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి, ప్రొస్టాగ్లాండిన్లు అంటారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, ఇవన్నీ నొప్పి తగ్గించేది ఆ ప్రొస్టాగ్లాండిన్లను ఆపేసే. అంటే నొప్పితో పాటు కాపలా కూడా పోతుంది. పుండు పడుతుంది, రక్తం కారుతుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. ఈ పని జరిగేది రక్తం ద్వారా కాబట్టి, బిళ్ళ మానేసి సూది వేయించుకున్నా ప్రమాదం పోదు. "యాసిడ్ తగ్గించే పాంటొప్రజోల్ వేసుకుంటున్నాను కదా, ఫర్వాలేదు" అనుకోవద్దు, ఆ రక్షణ అరకొరదే. స్లీవ్, అంటే పొట్టలో చాలా భాగం కోసేసి సన్న గొట్టంలా మిగిల్చే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ప్రమాదం కొంత తక్కువే గానీ, వాళ్లు కూడా సర్జన్‌ని అడక్కుండా వేసుకోకూడదు.

మన షాపుల్లో దొరికే జంట మాత్రల్లో ఇవి దాక్కుని ఉంటాయి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ ఉంది. జీరోడాల్-పీలో ఏసిక్లోఫెనాక్ ఉంది. నెలసరి కడుపునొప్పికి తెచ్చుకునే మెఫ్తాల్-స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ ఉంది. బిళ్ళలు కొన్నప్పుడు కత్తిరించిన ముక్క తీసుకోవద్దు, మందు పేరు, అందులోని పదార్థాలు కనబడేలా పూర్తి స్ట్రిప్ అడగండి. లేబుల్ లేని పొడులు, "కీళ్ల నొప్పుల మూలికలు" అసలే వద్దు, అలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం మన దగ్గర కొత్త కాదు.

మీకు మిగిలింది పారాసెటమాల్. 650 బిళ్ళ రోజుకు నాలుగు మించకూడదు. రోజూ వాడాల్సి వస్తే ఇంకా తక్కువలో ఉంచమంటారు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి దాన్నీ లెక్కలో కలుపుకోవాలి. ఇది నడుం నొప్పిని పోగొడుతుందని మాత్రం నేను చెప్పను. ఆస్ట్రేలియాలో పెద్ద ఎత్తున చేసి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన పరీక్షలో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి ఇది ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువేమీ పని చేయలేదు. దీర్ఘకాలపు నొప్పికి కూడా పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు వ్యాయామానికి అరగంట ముందు ఒకటి వేసుకుంటారు, ఒళ్లు వంచే ధైర్యం వస్తుందని. అంతవరకు మంచిదే. ట్రమడాల్ లాంటి మత్తు నొప్పి మందులు ఈ కడుపులో కొన్నిసార్లు త్వరగా తలకెక్కుతాయి, మలబద్ధకం చేస్తాయి, అలవాటు పడతాయి, డాక్టరు రాస్తే కొన్ని రోజులకే. కాలిలోకి కరెంటు కొట్టినట్టు పాకే నొప్పి ఉంటే దాని మందులు వేరు. ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని రాసి ఉండే, రోజంతా కొద్దికొద్దిగా కరిగే బిళ్ళలు బైపాస్ తర్వాత సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు, అలాంటివి ఏవి రాసినా "నాకు బైపాస్ అయింది" అని చెప్పండి.

ఇక రెండో విషయం. వెన్నులో నొప్పి వచ్చిందంటే జబ్బు వెన్నులోనే ఉండాలని లేదు. వేగంగా బరువు తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఆ నొప్పి పైకడుపులో మొదలై కుడి భుజం రెక్క కిందికి పాకుతుంది, తిన్నాక వస్తుంది. బైపాస్ తర్వాత మూత్రంలో ఆక్సలేట్ అనే, రాళ్లు కట్టే పదార్థం పెరిగి కిడ్నీ రాళ్లు వచ్చే అవకాశం కూడా ఎక్కువ, అది ఒక పక్కన నడుం మీంచి గజ్జల దాకా మెలిపెడుతుంది. తిన్న వెంటనే కడుపులో మొదలై వీపులోకి పొడుచుకొచ్చే నొప్పి, వాంతులు ఉంటే పేగు లోపల మెలిపడి ఇరుక్కుని ఉండొచ్చు. అది తెల్లారేదాకా ఆగే పని కాదు. మీది నిలబడితే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి అంటున్నారు కాబట్టి వెన్నుదే అయి ఉంటుంది. అయినా తిండితో గానీ మూత్రంతో గానీ దానికి లింకు ఉందేమో ఒక వారం గమనించండి.

ఇంకొకటి, నాకు బాగా భయం కలిగించేది. మన దగ్గర వెన్నుపూసకు టీబీ ఇంకా కనబడుతూనే ఉంది. మామూలు మనిషికి నడుం నొప్పితో పాటు బరువు తగ్గుతుంటే డాక్టరుకి వెంటనే అనుమానం వస్తుంది. ఆపరేషన్ అయిన మనిషి తగ్గుతుంటే అందరూ సంతోషిస్తారు. సాయంత్రం పూట చిన్న జ్వరం, రాత్రి చెమటలు, పడుకున్నా తగ్గని నొప్పి, అర్ధరాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పి పరీక్షలు చేయించుకోండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ పోయినా, కాలు పట్టు తప్పుతున్నా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇవేవీ కాకపోతే మీలాంటి కేసుల్లో నేను మొదట అనుమానించేది రెంటిని, ఎముక, కండ.

ఎముక సంగతి చూద్దాం. బైపాస్‌లో కాల్షియాన్ని బాగా పీల్చుకునే పేగు భాగం పక్కకి పోతుంది, విటమిన్-డి కూడా సరిగ్గా అందదు. రక్తంలో కాల్షియం తగ్గకూడదు గనుక ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఎముక మెత్తబడితే నడుం, తుంటి, పక్కటెముకల్లో ఇదీ అని వేలు పెట్టి చూపించలేని సలుపు ఉంటుంది, మెట్లెక్కడం, కింద నుంచి లేవడం కష్టమవుతుంది. రిపోర్టులో మాత్రం చాలాసార్లు కాల్షియం నార్మల్ అనే వస్తుంది. అందుకే ఒక్క కాల్షియం చూసి వదిలేయకుండా విటమిన్-డి, పీటీహెచ్ (ఎముకల్లోంచి కాల్షియం తోడించే హార్మోను), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక మెత్తబడితే రక్తంలో పెరిగే ఎంజైము) మూడూ కలిపి చేయించమని అడగండి. వాటితో బి12, ఐరన్, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) కూడా.

కాల్షియం మాత్ర డబ్బా మీద ఉన్న అంకె దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది మోసపోతున్నారు. బైపాస్ తర్వాత రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల అసలు కాల్షియం కావాలి. డబ్బా మీద "కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా" అని ఉంటే అందులో అసలు కాల్షియం 21 శాతమే, అంటే 210 మి.గ్రా. రోజుకొక బిళ్ళ వేసుకుని వెయ్యి అందిందనుకుంటాం, అందింది అయిదో వంతు. "ఎలిమెంటల్ కాల్షియం" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆ అంకె చూడండి. షెల్‌కాల్ లాంటివి కార్బొనేట్ రకం, వాటికి కడుపులో యాసిడ్ కావాలి, మీ చిన్న సంచిలో అది తక్కువ. అందుకే సిట్రేట్ రకం మేలంటారు. ఒక్కసారికి 500, 600 మించి ఒంటికి పట్టదు కాబట్టి రోజుకు రెండు మూడు దఫాలుగా వేసుకోవాలి. ఐరన్ మాత్రకీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. టీ తాగుతూ ఐరన్ వేసుకుంటే అది వేసుకోనట్టే లెక్క.

ఇప్పుడు కండ. మీరు 39 కేజీలు తగ్గారు. అందులో ఏడెనిమిది కేజీలకు తక్కువ కాకుండా కొవ్వు కానిది, అంటే ఎక్కువగా కండా నీరూ పోయి ఉంటుంది. వెన్నుని నిలబెట్టే సన్న కండరాలు, పిరుదులు, తొడలు, అన్నింటిలోంచీ పోతుంది. దానికి తోడు లావుగా ఉన్నప్పుడు ముందుకు లాగే పొట్టని బ్యాలెన్స్ చేయడానికి వీపు వెనక్కి వాల్చి నిలబడే అలవాటు అవుతుంది. పొట్ట పోయినా ఆ వాలు పోదు. ఫోనులో పక్క నుంచి ఒక ఫొటో తీయించుకుని చూడండి. నడుం గుంటగా లోపలికి పోయి, ఛాతీ వెనక్కి వాలి ఉంటే, రోజంతా బోర్డు ముందు నిలబడే మనిషికి సాయంత్రానికి నొప్పి రావడంలో వింతేముంది.

కండ నిలవాలంటే ముందు తిండి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ లోపలికి పోవాలి. రెండు ఇడ్లీల్లో ఉండేది నాలుగు గ్రాములు. చిన్న సంచిలో చోటే తక్కువ, ఆ చోటంతా ఇడ్లీ, అన్నం ఆక్రమిస్తే ఇంకేం పడుతుంది? పొద్దున రెండు గుడ్లు గానీ ఒక పెసరట్టు గానీ తింటే 12. మధ్యాహ్నం నాలుగైదు ముక్కల చికెన్ గానీ చేప గానీ ముందు తిని, చోటుంటే అన్నం, అదొక 20. నాలుగింటికి గుప్పెడు వేయించిన శనగలు 6, రాత్రి కప్పు పెరుగు 5. మిగతాది ప్రోటీన్ పౌడరు ఒక స్కూపు, 20కి పైనే. మాంసం తినకపోతే పనీరు, మీల్ మేకర్ కూర, సోయా పాలు. కార్తీక మాసం ఉపవాసాలు, వారానికి రెండు ఒక్కపొద్దులు ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో ప్రోటీన్ పదికి కూడా చేరదు. భక్తికి నేను అడ్డు చెప్పను గానీ ఆ రోజున పాలు, పెరుగు, పౌడరు అయినా తీసుకోమని ప్రాధేయపడతాను.

తర్వాత వ్యాయామం. "రోజూ గంట వాకింగ్ చేస్తున్నానండీ" అని మీరూ రాశారు. నడక మంచిదే. కానీ నడకతో గుండెకి, మూడ్‌కి మేలు జరిగినంతగా పోయిన కండ తిరిగి రాదు. ఆ గంటలో నడకని మూడు పావుగంటలకు తగ్గించి, మిగిలిన పావుగంట వీటికి ఇవ్వండి.

స్టాఫ్ రూమ్ కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఎద మీద కట్టుకుని లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి, దభీమని పడకూడదు. అయిదు చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. ఇంట్లో వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి పైకి లేపండి. నడుం కాదు, పిరుదులు లేవాలి. మూడోది, అరచేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి పది సెకన్లు ఆగడం, తర్వాత అటుది. వీపు మీద నిండు గ్లాసు నీళ్లున్నాయి, తొణకకూడదు అనుకుంటే సరిగ్గా వస్తుంది. కెనడాకి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే వెన్ను నిపుణుడు ఇలాంటివాటిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పద్ధతిలో నాకు నచ్చేది, ఎక్కువసేపు బిగబట్టకుండా పది సెకన్ల చొప్పున ఎక్కువ సార్లు చేయించడం. అలసిన కండతో చేస్తే వంకర అలవాటవుతుంది.

చేస్తున్నప్పుడు కాస్త నొప్పి పెరగడం తప్పు కాదు. మర్నాడు పొద్దునకి మామూలు స్థాయికి వచ్చేస్తే ఆ మోతాదు సరైనదే, రాకపోతే సగానికి తగ్గించండి, మానేయొద్దు. ఆరు వారాలు గడిచాక రెండు కేజీల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని కుర్చీలోంచి లేవండి, నెలకొక కేజీ పెంచండి. బరువు ఎత్తకూడదన్న మాట ఆపరేషన్ అయిన మొదటి నెలన్నరకి. మీకు 14 నెలలైంది, సర్జన్ గారు ప్రత్యేకించి వద్దంటే తప్ప ఇప్పుడు ఎత్తకపోవడమే చేటు. నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. పొట్టి చీపురు మానేసి పొడుగు కర్రది కొనండి. క్లాసులో ఒక చిన్న పీట పెట్టించుకుని, నిలబడ్డప్పుడు ఒక్కో కాలు మార్చి మార్చి దాని మీద పెడితే నడుం గుంట తగ్గుతుంది.

వేలాడే పొట్ట చర్మం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, సిగ్గుపడినట్టున్నారు. పడకండి. నా దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలు ఇలాగే సాయంత్రం నొప్పి అని వచ్చింది. ఏ పరీక్షా తేల్చలేదు. ఆమెని నిలబెట్టి, వెనక నిలుచుని, ఆమె అనుమతితో రెండు చేతులతో ఆ పొట్ట మడతని కింద నుంచి పైకెత్తి పట్టుకున్నాను. పది సెకన్లు మాట్లాడలేదు. తర్వాత "వదలొద్దక్కా, అలాగే ఉంచు" అంది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మడత ముందుకూ కిందికీ లాగుతుంటే వెనక కండ రోజంతా దాన్ని మోస్తూ ఉంది. మీరూ ఇంట్లో ఒకరితో ఇలా పట్టించి చూడండి. తేడా తెలిస్తే, నిలబడి పని చేసే గంటల్లో పొట్టని పైకెత్తి పట్టే బైండరు వాడొచ్చు. మడత కింద రోజూ తడి లేకుండా తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే ఫంగస్ పడుతుంది. బరువు కొన్ని నెలలు ఒకే చోట నిలిచాక, ఆపరేషన్ అయిన ఏడాది, ఏడాదిన్నరకి చర్మం తీసే సర్జరీ గురించి అడగొచ్చు. ఇన్సూరెన్సువాళ్లు అందం కోసమని తోసిపుచ్చుతారు. నొప్పి, పుండ్లు, పనికి అడ్డం అన్నీ కాగితం మీద డాక్టరు చేత రాయించి పెట్టుకోండి.

నడుం బెల్టు వేరు. గట్టి బెల్టు రోజంతా కట్టుకుంటే కండ ఇంకా బద్ధకిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో కూడా దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (నడుముని లాగి పట్టే చికిత్స), మత్తు నొప్పి మందులు మామూలుగా వాడొద్దనే ఉంది, వ్యాయామం, అవగాహన కల్పించడం చేయమని ఉంది. చెక్క బల్ల మీద పడుకోమని మీ అత్తగారు అన్నారని రాశారు. స్పెయిన్‌లో 313 మంది మీద చేసి 2003లో వేసిన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉండేదే మేలని తేలింది. కొవ్వు కరిగి ఎముకలు బయటపడ్డ తుంటికి బల్ల అసలు పనికిరాదు.

ఎమ్మారైలో బల్జ్ మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని తెలుస్తోంది. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కానులను కలిపి 2015లో లెక్క కట్టారు. నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి బల్జ్ ఉంది, 68 శాతానికి డిస్క్ అరుగుదల ఉంది. వాళ్లెవరికీ నొప్పి లేదు. మీ నొప్పి కాలిలోకి దిగడం లేదు, తిమ్మిరి లేదు అన్నారు కాబట్టి ఆ రిపోర్టు చూసి వంగడానికి భయపడకండి. నొప్పి మీ ఊహ అని నేను అనడం లేదు, దాని మూలం ఆ కాగితంలో ఉన్నదే కాకపోవచ్చు అంటున్నాను.

మూడు నెలలు పట్టు వదలకుండా చేయండి. ఆరో వారానికి నొప్పి పోకపోయినా, ఆఖరి పీరియడ్‌లో నిలబడగలుగుతున్నారా అన్నది చూసుకోండి, మొదట తేడా తెలిసేది అక్కడే. రక్త పరీక్షలు మాత్రం ఈ వారమే.

ఇంకో చిన్న పని ఈ రోజే చేయండి. ఒక అట్టముక్క మీద మీ ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోను నంబరు రాసి, కింద "డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు బిళ్ళగా గానీ సూదిగా గానీ ఇవ్వకూడదు" అని ఇంగ్లీషులో, తెలుగులో రాయించి పర్సులో పెట్టుకోండి, ఇంకోటి మీవారి పర్సులో. స్కూటీ మీంచి పడి ఏ నర్సింగ్‌హోమ్‌కో తీసుకెళ్తే నొప్పికని మొదట వేసే సూది చాలాసార్లు అదే ఉంటుంది, ఆ సమయంలో మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.